కప్పీ చక్రం

పడవ నా దగ్గరికి ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మొదటి ముక్క పాత పేపర్లో చుట్టి, ఎండుచేపల సంచిలో.
ఆటోనగర్లో కరెంటు పోయిన మధ్యాహ్నం
మైలపల్లి కాసురాజు దాన్ని నా బెంచీ మీద పెట్టి
"ఇదేటో చెప్పండి మేస్త్రీ" అన్నాడు.

కప్పీ.
తెరచాప కొయ్య కొసన, నలభై అడుగుల ఎత్తులో
ఇరవయ్యారేళ్ళు తిరిగి
ఒకనాడు తిరగనని మొరాయించిన కప్పీ.
గాడి ఒకవైపే అరిగింది.
నేను సముద్రంలో మోకాలు దాటి దిగినవాణ్ణి కాను,
అరుగుదల చదవడం మాత్రం వచ్చు.
"ఈ పడవ బతుకంతా ఎడమకే ఒరిగి నడిచినట్టుంది" అన్నాను.
చెవి మీది బీడీ తీసి చూసుకుని
మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.
"పాత ఓనరు భీమిలి దాకా చాపేసుకుని ఎళ్ళేవోడు.
తిరుగు ప్రయాణం మోటారు."

రెండోసారి పిన్ను తెచ్చాడు.
వెనకాలే కొత్త ఓనరు, పళ్ళ డాక్టరు సుగుణకుమారి,
పర్సులోంచి చిన్న అద్దప్పుల్ల తీసి
పిన్ను గొంతు దగ్గర వెంట్రుకంత పగులు చూపించి
"పీకెయ్యాల్సిందే" అంది.

మూడోసారి వైరు, బారెడు.
కాసురాజు దాని మీద దూదిపింజె పెట్టి మెల్లగా లాగాడు.
ఒకచోట దూది ఆగిపోయింది.
నా కళ్ళజోడుకి అక్కడేమీ లేదు.
దూదికి ఉంది.
"తెగిన పోగు. తుఫాను దాకా నవ్వుతానే ఉంటాది."

నాకు ఆశ పుట్టింది. అన్నీ స్టీలుతో చేసేద్దాం,
కొండ మీంచి చూసినా మెరుస్తుంది అన్నాను.
"ఒద్దు. కొయ్య అల్యూమినియం.
స్టీలూ అదీ ఒంటికొళ్ళు తగిలి, మజ్జిన ఉప్పునీరు సేరిందా,
ఒకటి రెండోదాన్ని తినేస్తాది. అరుపు కూడా ఇనపడదు.
పల్చటి నైలాన్ బిళ్ళ ఎయ్యండి.
చక్రమూ దాంతోనే."

నైలాన్ కడ్డీ నా దగ్గర లేదు.
రేకు అవతల ఉంది, మా తమ్ముడి దగ్గర.
నాన్న పోయాక రెండు లేతులకీ మధ్య దిగిన రేకు అది.
పదకొండు నెలలుగా వాడి రజను వాడిది, నా రజను నాది.

సుత్తి వెనకతో రేకు మీద రెండుసార్లు కొట్టి
కడ్డీ సైజు గట్టిగా చెప్పాను, గాలికి చెప్పినట్టు.
అవతల లేతు ఆగింది.
కాసేపటికి రేకు కిందినుంచి
తెల్లకడ్డీ దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకి తగిలింది.
మాట రాలేదు.

ఆ రాత్రి చక్రం తిప్పాను.
నైలాన్ పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా, వేడిగా, మెడలో పడింది.
బిగువుగా కూర్చుంటే నాకు తృప్తి,
కానీ కాసురాజు మాట చెవిలో ఉంది:
తడిస్తే ఉబ్బుతాది, ఆ ఉబ్బుకి సోటు ఒదలండి.
వదిలాను. చెయ్యి ఒప్పుకోలేదు, అయినా వదిలాను.

కొయ్య లేపే రోజు ఫిషింగ్ హార్బరుకి రమ్మన్నారు.
క్రేను గొలుసుకి వేలాడి అది ఊగుతుంటే
వెనక డాల్ఫిన్ నోస్ కొండ ఒకసారి కొయ్యకిటు, ఒకసారి అటు.
కొయ్య పాదం కింద ఓ బిళ్ళ పెట్టడం ఆనవాయితీ అట.
జేబులోంచి రూపాయి తీశాను.
కాసురాజు లాక్కున్నాడు.
"స్టీలండీ బాబూ!
ఇందాకటి పాఠం ఏటయ్యింది?"
షాంపూ ప్యాకెట్లో చుట్టి, కాల్చి అతికించి
అప్పుడు పెట్టనిచ్చాడు.

తాడు నన్నే లాగమన్నారు.
శబ్దం కోసం చెవి రిక్కించాను.
జెట్టీ మీద కాకులు, ఐసు మరపట్టే మిషను, ఎవరిదో తిట్టు.
పైన నా చక్రం తిరుగుతోంది కాబోలు,
చాప మాత్రం కిలోలకి కిలోలు
చేతికి బరువు తెలియకుండా ఎక్కిపోయింది.

ఎక్కమన్నారు. ఎక్కలేదు.
ఎండలో నిలబడి, కనపడినంత మేరా చూశాను.
మొదట కుడికి ఒరిగింది.

షెడ్డుకొచ్చి, మిగిలిన కడ్డీ ముక్క
రేకు కిందినుంచి వెనక్కి దొర్లించాను.
కొంతసేపటికి ఇటే దొర్లి వచ్చింది.
ఉంచుకోమనా, బాగా లేదనా?

డాక్టరమ్మ ఇంకా మూడొందలు బాకీ.